జెముడు పండ్ల తొక్కలు పారేయకుండా ఆహారంలో వాడుకోవడం ఎలా?

#1 · రసంగింజ

అందరికీ నమస్కారం. పండ్ల రసం తీసే ఒక చిన్న యూనిట్‌లో పనిచేస్తున్నాను. మాకు నాగజెముడు పండ్లు, ఎర్ర గుజ్జు ఉండే డ్రాగన్ ఫ్రూట్ వస్తాయి, రెండూ జెముడు జాతివే. గుజ్జు తీసేశాక మిగిలే తొక్కల కుప్ప చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నాగజెముడు పండు బరువులో దాదాపు సగం తొక్కే. డ్రాగన్ ఫ్రూట్‌లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పోతుంది. డబ్బు పెట్టి కొన్న పండులో అంత భాగం నేరుగా చెత్త డ్రమ్ములోకి వెళ్తోంది. ఉదయం తీసిన తొక్కలు సాయంత్రానికి జిగురు కారుతాయి, ఈగలు ముసురుతాయి, మర్నాటికి పులిసిన వాసన.

నెట్‌లో వెతికితే ప్రతిచోటా "తొక్కలో యాంటీఆక్సిడెంట్లు పుష్కలం" అన్న మాటే. సరే, ఉన్నాయి. మరి ఎలా ఎండబెట్టాలి, దేంట్లో కలపాలి, ఎంత కలపాలి, ఎవరికి పడదు అన్నది చెప్పేవాళ్లు కనబడటం లేదు. చేసి చూసినవాళ్లు, ఈ సబ్జెక్టు చదువుకున్నవాళ్లు కాస్త వివరంగా రాయండి.

#2 · ముళ్లకంచె

రసంగింజ గారూ, ముందు నాగజెముడు సంగతి తేల్చుకోండి. రంగు, పీచు అన్నీ తర్వాత.

ఆ పండు మీద అక్కడక్కడా చుక్కలు ఉంటాయి కదా, ఒక్కో చుక్కలో కుచ్చుగా నూగుముళ్లు ఉంటాయి. వెంట్రుక కన్నా సన్నం, వెనక్కి తిరిగిన మొనలు. చర్మంలో దిగితే బయటికి రావు. గుజ్జు మాత్రమే తినేవాళ్లకు తొక్కతో పాటే ఆ ముళ్లూ పోతాయి. మనం తినబోయేది ఆ తొక్కనే కాబట్టి జాగ్రత్త రెట్టింపు కావాలి. ఎండబెట్టినంత మాత్రాన ఇవి ఎక్కడికీ పోవు. మిక్సీలో వేస్తే ఇంకా చిన్న ముక్కలై పొడిలో కలిసిపోతాయి, అప్పుడు జల్లెడ కూడా వాటిని పట్టలేదు. నాలుకకో గొంతుకో తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి ముళ్ల పని పండు కోయకముందే అయిపోవాలి. పొడిగా రుద్దకండి, ముళ్లు గాలిలో లేచి కళ్లలో పడతాయి. పారే నీళ్ల కింద గట్టి బ్రష్‌తో ప్రతి చుక్కనూ అన్ని వైపుల నుంచీ రుద్దాలి. తర్వాత పట్టకారుతో పట్టుకుని మంట మీద తిప్పాలి. చుక్కల దగ్గర సన్నగా చిటపటలాడి నల్లబడతాయి. మళ్లీ కడిగి, వెలుతురుకు పక్కవాటుగా పట్టి చూడండి. ముళ్లు మిగిలి ఉంటే బంగారు రంగులో మెరుస్తాయి. పెద్ద ఎత్తున చేసేచోట తిరిగే బ్రష్ రోలర్లు వాడతారు, కానీ రోలర్ దాటిన పండును కూడా మనిషి చూడాల్సిందే.

ఒకవేళ చేతికి గుచ్చుకుంటే నోటితో లాగొద్దు. పట్టకారుతో వచ్చినన్ని తీసి, మిగిలినవాటి మీద జిగురు పూసి, గాజుగుడ్డ (గాయాలకు కట్టే పలుచని గుడ్డ) పరిచి, ఆరాక గుడ్డను లాగేస్తే చాలావరకు ఊడివస్తాయి.

#3 · పత్రహరితం

ముళ్లకంచె గారు చెప్పినదానికి వెనక ఒక వృక్షశాస్త్ర విషయం ఉంది. తొక్కతో ఏం చేయొచ్చో అర్థం కావడానికి అది బాగా పనికొస్తుంది.

నాగజెముడు పండు తొక్క నిజానికి కాండం. పువ్వు అండాశయం కాండపు కణజాలం లోపల కూరుకుపోయి పెరుగుతుంది, చుట్టూ ఉన్న ఆ కాండమే మనకు తొక్కగా కనబడుతుంది. అందుకే దాని మీద కూడా చెట్టు మట్టల (ఆకుల్లా కనబడే బల్లపరుపు కాండాల) మీద ఉన్నట్టే చుక్కలు, నూగుముళ్లు ఉంటాయి. నేలమీద పడిన పండుకు వేళ్లు వచ్చి కొత్త మొక్క లేవడం కూడా ఇందువల్లే. మామూలు పండు తొక్క ఆ పని చేయలేదు.

దీన్నిబట్టి తొక్కలో ఏముంటుందో ఊహించవచ్చు. మట్టలో ఉన్నవే ఉంటాయి: నీటిని పట్టి ఉంచే జిగురు, పీచు, కాల్షియం, పొటాషియం, ఆక్సలేట్ స్ఫటికాలు. వాటికి తోడు పండుకుండే రంగు. పండు చక్కెర గుజ్జులో ఎక్కువ, తొక్కలో తక్కువ. అందుకని తొక్కను తీపి పండుగా కాకుండా ఒక కూరగాయగా చూస్తే సరైన ఉపయోగాలు తడతాయి. మెక్సికోలో మట్టలను కూరగాయగా తింటారు. అక్కడే షొకొనోస్త్లే అనే పుల్లటి జాతి ఉంది, దాని పైన పలుచని పొర ఒలిచి, గింజల గుజ్జును తీసేసి, మధ్యలోని మందపాటి గోడనే వంటలో వాడతారు. మనం పారేసేది వాళ్లకు అసలు సరుకు. ఇటలీలోని సిసిలీలోనూ తొక్క లోపలి గోడను ఉడికించి, బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించే అలవాటు ఉంది.

#4 · రసంగింజ

ఇద్దరికీ ధన్యవాదాలు. కాండం అన్న సంగతి ఎప్పుడూ వినలేదు. ఆ జిగురు ఎందుకంతలా వస్తుందో ఇప్పుడు తెలిసింది.

డ్రాగన్ ఫ్రూట్‌కు ముళ్ల బాధ లేదు కదా? దాని పొలుసులతో సహా వాడొచ్చా?

#5 · ముళ్లకంచె

ఎర్ర తొక్క రకానికి నూగుముళ్ల బెడద లేదండీ. పసుపు తొక్క రకానికి మాత్రం ముళ్లు ఉంటాయి, మార్కెట్‌కు వచ్చేలోపే తీసేస్తారు, అయినా ఒకసారి చూసుకోవాలి. పొలుసుల ఆకుపచ్చ కొసలు, తొడిమ దగ్గరి గట్టి భాగం కత్తిరించేయండి. పొలుసుల సందుల్లో మట్టి, చిన్న పురుగులు దాక్కుంటాయి. పైపైన కడిగితే పోవు, పొలుసులు విడదీసి కడగాలి. ఇంకొకటి, పిచికారీ చేసిన మందులు ముందు చేరేది తొక్క మీదే. ఎవరి తోటో, ఏ మందు ఎప్పుడు కొట్టారో అడిగి తెలుసుకున్న పండ్ల తొక్కలనే తిండికి వాడండి. వివరం తెలియని సరుకైతే ఎరువుకు పంపేయడమే మేలు.

#6 · గులాబీమేఘం

నాకు అసలు ఆసక్తి రంగు మీద. డ్రాగన్ తొక్కను మెత్తగా రుబ్బి కేకు పిండిలో కలిపితే పిండి కళ్లు చెదిరే గులాబీ రంగులోకి వచ్చింది. ఓవెన్‌లోంచి తీసేసరికి మట్టి రంగు. అంత రంగు ఎక్కడికి పోయింది? నిమ్మరసం కలిపితే నిలుస్తుందని ఒకరన్నారు. ఎంత కలపాలి? రంగు కోసమే ఈ తొక్క వాడేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

#7 · నిమ్మఉప్పు

గులాబీమేఘం గారూ, మీరు అడిగినదాంట్లోనే ఈ తొక్క గుట్టంతా ఉంది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మొక్కల్లో ఎరుపు రంగు రెండు వేరువేరు కుటుంబాల నుంచి రావచ్చు. నేరేడు, నల్ల ద్రాక్ష, ఎర్ర క్యాబేజీల్లో ఉండేవి ఆంథోసయనిన్లు. వాటిమీద నిమ్మరసం పిండితే ఎరుపు పెరుగుతుంది. మీకు సలహా ఇచ్చినవాళ్లు వాటిని మనసులో పెట్టుకుని చెప్పి ఉంటారు. జెముడు జాతిలో ఉండేవి బీటాలెయిన్లు. బీట్‌రూట్, ఎర్ర తోటకూర, బచ్చలి పండ్లు, కాగితం పూలు, వీటన్నిటిదీ అదే కుటుంబం. ఈ రెండు రకాల రంగులూ ఒకే మొక్కలో కలిసి ఉండటం ఇప్పటిదాకా ఎక్కడా కనబడలేదు. బీటాలెయిన్లలో మళ్లీ రెండు: ఎరుపు ఊదా రంగు ఇచ్చే బీటాసయనిన్లు, పసుపు నారింజ రంగు ఇచ్చే బీటాజాంథిన్లు. డ్రాగన్ తొక్కలో మొదటివి. నాగజెముడులో పండు రకాన్ని బట్టి రెండూ ఉంటాయి.

ఈ రంగు పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3 నుంచి 7 దాకా పెద్దగా మారదు. అందులోనూ 5, 6 మధ్య దీనికి బాగా నప్పుతుంది. కాబట్టి నిమ్మరసం దీన్ని ఎర్రగా చేయదు. మరీ ఎక్కువైతే చెరుపుతుంది కూడా. కేకులో దీన్ని చంపేవి రెండు, వేడి, వంటసోడా. ఒక గాజు గిన్నెలో తొక్క రసం పోసి చిటికెడు వంటసోడా వేసి చూడండి. గులాబీ రంగు కాస్తా నీలం కలిసిన ఊదాకు తిరుగుతుంది. ఆ రసాన్నే పొయ్యి మీద పెడితే ఊదా పోయి పసుపు, గోధుమ రంగు మిగులుతుంది. మీ కేకులో జరిగింది సరిగ్గా ఇదే.

వెలుతురు, గాలి, ఇనుము, రాగి కూడా దీనికి పడవు. స్టీలు లేదా గాజు పాత్రలు వాడండి, సీసాను చీకట్లో పెట్టండి. కాస్త విటమిన్ సి కలిపితే రంగు ఎక్కువకాలం నిలుస్తుంది. వేడికి పోయిన రంగులో కొంత తిరిగొస్తుంది కూడా. కొద్దిసేపే వేడి చేసిన రసాన్ని వెంటనే చల్లార్చి చల్లని చోట ఉంచితే, విడిపోయిన అణువుల్లో కొన్ని మళ్లీ కలిసి రంగు కొంత తేరుకుంటుంది. ఎక్కువసేపు మరిగించినదానికి ఆ అవకాశం లేదు.

అందుకని ఈ రంగును చల్లటి వాటిలో వాడండి. పెరుగు, ఐస్‌క్రీమ్, పాల క్రీమ్, కేకు పైన పూసే ఐసింగ్, చల్లని పానీయాలు. కేకు లోపల గులాబీ రంగు ఉండాలంటే ఈ తొక్క ఆ పనికి తగదు.

#8 · గులాబీమేఘం

వంటసోడా సంగతి ఇప్పుడే చేసి చూశాను, మీరు చెప్పినట్టే ఊదా అయింది! బీట్‌రూట్ వాడొచ్చు కదా అంటారేమో, దాని మట్టి వాసన ఐస్‌క్రీమ్‌లో తెలిసిపోతుంది. డ్రాగన్ తొక్కకు దాదాపు ఏ వాసనా లేదు. నాకు ఇదే బాగా నచ్చింది.

#9 · పత్రహరితం

బీట్‌రూట్‌లోని ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. జెముడు పండ్లలో ఆ వాసన ఉండదు. రంగు కుటుంబం ఒకటే అయినా ఆహారం తయారుచేసేవాళ్లు వీటివైపు చూడటానికి ఇదొక గట్టి కారణం.

ఇంకో విషయం. జెముడు చెట్ల మీద బతికే కొచినీల్ పురుగు నుంచి తీసే కార్మైన్ ఎరుపును ఆహారంలో చాలాకాలంగా వాడుతున్నారు, లేబుల్ మీద E120 అన్న నంబరు ఉంటుంది. పురుగు రంగు వద్దనుకునే శాకాహారులకు అదే చెట్టు పండు తొక్క నుంచి ఎరుపు దొరకడం మంచి సంగతే. కానీ కార్మైన్ వేడికి, వెలుతురుకు బాగా తట్టుకుంటుంది. తొక్క రంగు తట్టుకోదు. ప్రతిచోటా దానికి బదులు ఇది వాడేయొచ్చని మాత్రం అనుకోకండి.

#10 · ఎండుగడప

రంగు గురించి అందరూ మాట్లాడుతున్నారు, నా ఉద్దేశంలో తొక్క అసలు బలం పీచులో ఉంది. డ్రాగన్ ఫ్రూట్ తొక్కను ఎండబెడితే ఆ ఎండిన బరువులో సగానికి పైగా పీచే. నీళ్లలో కరిగేది, కరగనిది రెండూ ఉంటాయి. రంగు కొన్నాళ్లకు వెలిసిపోతుంది, పీచు ఎక్కడికీ పోదు.

నేను చేసే పద్ధతి: కడిగిన తొక్కలను సన్నని పోగులుగా తరుగుతాను. ఇక్కడ బద్ధకిస్తే పని చెడుతుంది. మందపాటి ముక్కలకు పైన జిగురు ఎండి పొర కడుతుంది, లోపలి తడి బయటికి రాలేక లోపలే పులుస్తుంది. తరిగిన పోగులకు ఒకటి రెండు నిమిషాలు ఆవిరి పడతాను. దాంతో రంగును చెరిపే ఎంజైములు ఆగిపోతాయి, పైన ఉన్న క్రిములూ తగ్గుతాయి. వెంటనే చల్లార్చి, డీహైడ్రేటర్‌లో 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఆరబెడతాను. వంచితే వంగకుండా పటుక్కున విరగాలి. వంగుతోందంటే ఇంకా తడి ఉన్నట్టే, అది మిక్సీలో ముద్దవుతుంది, డబ్బాలో బూజు పడుతుంది.

పొడి చేసి జల్లెడ పట్టి గాలి చొరబడని డబ్బాలో, చీకట్లో. ఈ పొడి గాలిలోని తేమను చాలా తొందరగా పీల్చుకుంటుంది, తడి చెంచా అసలు పెట్టొద్దు. ఎంత వస్తుందని ఆశ పెట్టుకుంటారేమో, తాజా తొక్కలో 90 శాతానికి పైగా నీళ్లే. కిలో తొక్కకు 100 గ్రాముల లోపే పొడి.

బ్రెడ్, బిస్కెట్లలో పిండి బరువుకు నూటికి 5 పాళ్లతో మొదలుపెట్టండి. 10 పాళ్లకు వెళ్తే రంగు ముదిరి, బ్రెడ్ పొంగు తగ్గి, గట్టిపడుతుంది. ఈ పొడి నీళ్లు బాగా తాగుతుంది కాబట్టి పిండిలో నీళ్లు కొంచెం పెంచి, కలిపిన పిండిని కాసేపు నానబెట్టాలి. లేకపోతే బిస్కెట్ అంచులు పగులుతాయి.

#11 · గులాబీమేఘం

ఎండుగడప గారూ, పీచు కావాలంటే తవుడులోనూ ఉంది కదండీ. ఇంత శ్రమపడి తొక్క తరగడం, ఆవిరి పట్టడం, గంటల తరబడి కరెంటు కాల్చి ఆరబెట్టడం ఎందుకు? తవుడులో లేనిది ఈ తొక్కలో ఉన్నది రంగే. దాన్ని ఓవెన్‌లో తగలేసి పీచు ఒక్కటే మిగుల్చుకోవడం నాకు నచ్చలేదు.

#12 · ఎండుగడప

మీరన్నది నేను ఒప్పుకోను. తవుడు పీచు నీళ్లను ఇంతలా పట్టదు. ఈ తొక్క పొడిని చెంచాడు తీసుకుని నీళ్లలో వేసి పక్కన పెట్టండి, కాసేపటికి ఉబ్బి చిక్కటి ముద్ద అవుతుంది. ఐస్‌క్రీమ్‌లో, మాంసం ఉత్పత్తుల్లో కొవ్వు కొంత తగ్గించి ఆ స్థానంలో డ్రాగన్ తొక్క పొడి వాడి పరీక్షలు చేశారంటే కారణం ఇదే. నోటికి నిండుగా అనిపించేలా చేస్తుంది. తవుడుతో ఆ పని కాదు. కరెంటు ఖర్చు విషయంలో మాత్రం మీ మాట నిజం. అందుకే ఎండ బాగా ఉన్న రోజుల్లో సోలార్ డ్రైయర్ వాడమంటాను. నేరుగా ఎండలో పరిస్తే మాత్రం రంగు మిగలదు.

#13 · జిగురుచెట్టు

మీ ఇద్దరి మధ్యలో నేనూ ఒకటి చెప్తాను. రంగు ఒకటి, పీచు ఒకటి అయితే, మూడోది జిగురు. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

నాగజెముడు తొక్క లోపలి గోడను చెంచాతో గీరి, గోరువెచ్చని నీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి వడకట్టండి. చెంచా పైకెత్తితే గుడ్డు తెల్లసొనలా సాగుతూ తీగ కడుతుంది. ఇది అరబినోజ్, గెలాక్టోజ్, రామ్నోజ్, జైలోజ్ అనే చక్కెరలు, గెలాక్ట్యురానిక్ ఆమ్లం కలిసిన పెద్ద గొలుసు. సూప్‌లు, సాస్‌లు చిక్కబరచడానికి, నూనె నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచడానికి పనికొస్తుంది. అయితే పులుపు, ఉప్పు ఎక్కువైతే పలచబడుతుంది. కాబట్టి నిమ్మరసం ముందే పోసేసి, చిక్కగా రాలేదేంటని టెన్షన్ పడకండి.

దీన్నీ పెక్టిన్‌నీ ఒకటిగా చూడొద్దు. జిగురు చిక్కబరుస్తుంది కానీ జెల్లీగా గడ్డకట్టదు. గడ్డకట్టించేది పెక్టిన్. అది చల్లటి నీళ్లకు సరిగా దిగదు, నిమ్మఉప్పు వేసిన వేడి నీళ్లలో 80, 90 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే దిగుతుంది. వడకట్టి, ఆహారానికి పనికొచ్చే ఆల్కహాల్ పోస్తే తెల్లటి పోగులుగా విడిపోతుంది. ఇంట్లో అయితే ఆల్కహాల్ దాకా వెళ్లనక్కర్లేదు. పండు ముక్కలతో పాటు తొక్క గోడను సన్నగా తరిగి జామ్‌లో కలిపి ఉడికిస్తే అందులోని పెక్టిన్ అక్కడికక్కడే పనిచేస్తుంది. మామూలు జామ్ గడ్డకట్టాలంటే చక్కెర దాదాపు 60 శాతం, పీహెచ్ 3 నుంచి 3.5 మధ్య కావాలి. అంత పులుపు, అంత ఉడుకు ఉన్నచోట గులాబీ రంగు నిలవదని నిమ్మఉప్పు గారు చెప్పనే చెప్పారు. జామ్‌కు తొక్క ఇచ్చేది చిక్కదనం. రంగు కోసం దాని మీద ఆధారపడొద్దు.

#14 · నిమ్మఉప్పు

పులుపు మాట వచ్చింది కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్తాను. దీన్ని దయచేసి ఎవరూ దాటేయకండి.

జెముడు పండ్లు తియ్యగా ఉంటాయి, కానీ పులుపు చాలా తక్కువ. నాగజెముడు గుజ్జు పీహెచ్ సాధారణంగా 5 పైనే ఉంటుంది. తొక్కలోనూ పులుపు లేదు. సీసాలో మూసిపెట్టిన ఆహారం పీహెచ్ 4.6 కన్నా ఎక్కువ ఉంటే బొటులినం క్రిమి గాలి లేనిచోట పెరిగి విషం తయారుచేయగలదు. దాని స్పోర్లు (విత్తనాల్లాంటి గట్టి రూపాలు) మామూలుగా మరిగిస్తే చావవు. చాలా పండ్ల జామ్‌లు వాటి సొంత పులుపుతోనే గట్టెక్కుతాయి. ఈ తొక్కకు ఆ రక్షణ లేదు. తొక్క రసం, తొక్క సిరప్, తొక్క గుజ్జు ఏదైనా సరే సీసాలో పెట్టి గది వేడిలో ఉంచాలంటే నిమ్మరసమో నిమ్మఉప్పో కలిపి పీహెచ్‌ను 4.6 కిందకి తేవాలి. నాలుకతో అంచనా వేయొద్దు, మీటర్‌తో కొలవండి. యూనిట్‌లో పనిచేసే రసంగింజ గారికి మీటర్ లేకుండా ఈ పని వద్దే వద్దు.

నేను 4.0 నుంచి 4.4 మధ్య పెడతాను. అక్కడ విషం భయం తగ్గుతుంది, రంగూ పెద్దగా దెబ్బతినదు. ఆ తర్వాత కూడా వేడిచేసి నింపడం, శుభ్రమైన సీసాలు, ఇవన్నీ మామూలే. కొలిచే వీలు లేనివాళ్లు ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఫ్రీజర్ తొక్కకు మంచి స్నేహితుడు కూడా. గడ్డకట్టి కరిగేటప్పుడు కణాలు పగిలి రంగు, జిగురు రెండూ సులువుగా బయటికి వస్తాయి.

#15 · పథ్యం

ఆహార సలహాలు ఇచ్చే పనిలో ఉన్నాను. ఇక్కడ చర్చ చాలా బాగుంది. తినేవాళ్ల వైపు నుంచి కొన్ని మాటలు.

కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు ఉన్నవాళ్లు, ఇంతకుముందు వచ్చినవాళ్లు ఈ పొడి రోజూ తినొద్దు. పత్రహరితం గారు చెప్పిన స్ఫటికాలు ఊహ కాదు, జెముడు కణజాలంలో కాల్షియం ఆక్సలేట్ నిజంగానే ఉంటుంది. కిడ్నీ జబ్బు వల్ల పొటాషియం తగ్గించమన్నవాళ్లకూ ఇదే మాట. జెముడు మట్టలు భోజనం తర్వాత చక్కెర పెరుగుదలను కొంత తగ్గిస్తాయని పరిశోధనలు ఉన్నాయి కాబట్టి షుగర్ మందులు వాడేవాళ్లు తొక్క పొడిని ఎక్కువగా మొదలుపెట్టే ముందు డాక్టర్‌కు చెప్పాలి. మందు మానేసి ఇది తింటే సరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

పీచు అలవాటు లేని కడుపుకు ఒకేసారి ఎక్కువ ఇస్తే ఉబ్బరం తప్పదు. చెంచాలో సగంతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగుతూ మెల్లగా పెంచుకోవాలి. ఎర్ర డ్రాగన్ రంగు తిన్న మర్నాడు మూత్రం, మలం ఎర్రగా కనబడితే కంగారు పడొద్దు, అది ఆ రంగే. ఒకటి రెండు రోజులకు మించి ఉంటే మాత్రం చూపించుకోండి. ఇది అమ్మేవాళ్లు లేబుల్ మీద ఈ ఒక్క వాక్యం రాస్తే ఎంతోమందికి భయం తప్పుతుంది.

#16 · ముద్రణ

లేబుల్ అన్నారు కాబట్టి: బీటాలెయిన్ కదా అని దీన్ని E162 అని రాయకండి. ఆ నంబరు బీట్‌రూట్ దుంప నుంచి తీసిన ఎరుపుకు. తొక్క పొడిని రంగుగా అమ్మడం వేరు, ఆహార పదార్థంగా అమ్మడం వేరు, రెంటికీ చట్టం వేరువేరుగా ఉంటుంది. మీ దేశంలో తొక్కకు ఏది వర్తిస్తుందో ముందే కనుక్కుని మొదలుపెట్టండి. సరుకంతా తయారయ్యాక కనుక్కుంటే లాభం లేదు.

#17 · రసంగింజ

ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. చదివాక నాకు ఇలా అనిపిస్తోంది. తొక్కను మొత్తంగా పొడి చేయకుండా విడదీసి వాడితే గులాబీమేఘం గారి రంగు, జిగురుచెట్టు గారి చిక్కదనం, ఎండుగడప గారి పీచు మూడూ దక్కుతాయా? ముందు ఫ్రీజ్ చేసి కరిగించిన డ్రాగన్ తొక్కను, కొంచెం నిమ్మఉప్పు కలిపిన చల్లటి నీళ్లతో రుబ్బి పిండి రంగు తీయడం. మిగిలిన పిప్పిని వేడి నీళ్లలో ఉంచి పెక్టిన్ తీయడం. చివరికి మిగిలింది ఎండబెట్టి పీచు. ఇది పనిచేస్తుందా, కాగితం మీద మాత్రమే బాగుంటుందా?

#18 · జిగురుచెట్టు

పనిచేస్తుంది, వరుస కూడా సరైనదే. వేడికి ఓర్వని రంగును చల్లగా ముందు తీయాలి, వేడి కావలసిన పెక్టిన్ తర్వాత, దేనికీ చెక్కుచెదరని పీచు చివర. పెద్ద ఫ్యాక్టరీలకు ఇదే దారి. కానీ ప్రతి దశలో నీళ్లు చేరతాయి, ఆ నీళ్లను మళ్లీ తీయాలి. రంగు నీళ్లు పలచగా ఉంటాయి, పొడి చేయాలంటే మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థం నుంచి చేసే పొడి) కలిపి స్ప్రే డ్రైయింగ్ (తుంపరలుగా వేడి గాలిలోకి చిమ్మి ఆరబెట్టడం) చేయాలి, దానికి యంత్రం కావాలి. చిన్న యూనిట్‌కు మూడు దశలూ ఒకేసారి మోయడం కష్టం.

రెండు దశలతో మొదలుపెట్టండి. చల్లగా రంగు తీసి, ట్రేలలో గడ్డకట్టించి పెరుగు, ఐస్‌క్రీమ్ చేసేవాళ్లకు అలాగే ఇవ్వండి. పిప్పిని నేరుగా ఎండబెట్టండి. పెక్టిన్ పిప్పిలోనే ఉండిపోతుంది కాబట్టి ఆ పొడి నీళ్లు బాగానే పడుతుంది, రంగు తీసేశాం కాబట్టి లేత రంగులో వస్తుంది, బ్రెడ్‌ను నల్లబరచదు.

#19 · ఎండుగడప

ఈ పద్ధతికి నా ఓటు. రంగు ఎలాగూ ఓవెన్‌లో పోతుంది కాబట్టి ముందే తీసి వాడుకోవడమే న్యాయం. గులాబీమేఘం గారూ, ఇక మన మధ్య గొడవ లేదు.

#20 · రసంగింజ

సరే, డ్రాగన్ తొక్కతో ఇలాగే మొదలుపెడతాం. నాగజెముడు తొక్కను ఏ రోజుదారోజు బ్రష్ చేసి కాల్చేందుకు మనుషులు చాలరు. ముళ్లతోనే ఫ్రీజ్ చేసి తర్వాత శుభ్రం చేసుకోవచ్చా?

#21 · ముళ్లకంచె

వద్దండీ. కరిగాక తొక్క మెత్తబడి బ్రష్‌కు నిలవదు, ముళ్లు జిగురులో కలిసిపోయి కనబడకుండా పోతాయి. శుభ్రం చేయగలిగినన్ని పండ్ల తొక్కలనే తిండికి పక్కన పెట్టండి. పండును రసానికి కోసే ముందే బ్రష్ చేసే పద్ధతి పెట్టుకుంటే రసంలో కూడా ముళ్లు పడవు, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. మిగిలిన తొక్కలను ఎరువు గుంటకు పంపండి. శుభ్రం చేసినవాటిలో కూడా మొదటి విడత రసాన్ని పలుచని గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి, ఆ గుడ్డను వెలుతురులో విప్పి చూడండి. ఒక్క ముల్లు కనబడినా ఆ విడత మొత్తం పక్కన పెట్టేయాల్సిందే.